ల్యాబులో చలివేంద్రం

పోయిన వారం కళ్యాణదుర్గంలో మా కాలేజీ స్టాఫ్‌రూములో కూర్చుని ఒక కంపెనీ కేటలాగు చదువుతూ పగలబడి నవ్వాను. కేటలాగులో అంత నవ్వడానికి ఏముంటుంది? పక్క కుర్చీలో పేపర్లు దిద్దుకుంటున్న తెలుగు మేడమ్ ఉలిక్కిపడింది.

“ఏమ్మా, అంత నవ్వేది ఏముండాది అందులో?”

“మా మామను దొంగిలించినారు మేడమ్,” అన్నాను.

ఆమెకేమీ అర్థం కాలేదు, పాపం. ఆ కేటలాగులో ఉన్నది శబ్దంతో కాంతిని వంచే ఒక పరికరం. దాంట్లో శబ్దం పుట్టించడానికి ఉల్లిపొరంత పలుచటి బిళ్ళ ఒకటుంటుంది. ట్రాన్స్‌డ్యూసర్ అంటారు. అది పనిచేసేకొద్దీ వేడెక్కుతుంది. ఆ బిళ్ళ మధ్యభాగాన్ని ముట్టకుండా, అంచుల దగ్గర మాత్రం పట్టుకుని చల్లబరిచే సరికొత్త ఏర్పాటు తమదేనని కంపెనీవాళ్ళు రంగురంగుల బొమ్మలేసి గొప్పలు పోయారు. ఆ ఏర్పాటును నేను ఎనిమిదేళ్ళ కిందటే అనంతపురంలో చూశాను. చేసినాయన ఫ్రిజ్జులు, కూలర్లు బాగుచేసే మేస్త్రీ. ఆయన వాడిన సామాన్లు రెండు మట్టికుండలు, గోనెపట్టాలు, చెడిపోయిన ఇస్త్రీపెట్టె కడుపులోంచి పీకిన అభ్రకం రేకు.

ఆయన పోయి రెండేళ్ళవుతోంది. పేరు రాయను. ఎందుకు రాయనో ముందుకు పోతే మీకే తెలుస్తుంది. నేను మామా అని పిలిచేదాన్ని. మొదట్లో సార్ అంటే, “సారనాకు పాపా, నా ఎనకాల ఎవురో నిలబడుకోని ఉండారని తిరిగి చూడాల్సొస్తాది,” అన్నాడు.

కబురు తెలిసి నేను పోయేసరికి అన్నీ అయిపోయాయి. అత్త గడప మీద కూర్చుని ఉంది.

“టీ పెట్టి పిలిస్తే వచ్చేటోడు కాదు గదా పాపా. సల్లారినంక వచ్చేటోడు. ఆ పొద్దు టీ సల్లారి మీగడ గూడా కట్టె, మనిషి రాలే. పోయి చూస్తే నిద్దర్లోనే...” అని కొంగుతో కళ్ళు తుడుచుకుని, వెంటనే లేచి, “బొరుగుల ఉగ్గాని కలిపినా, తిని పో,” అంది. ఆ ఇంట్లో ఏడుపుకు కూడా ఎక్కువసేపు చోటుండదు.

టీ సంగతి చెప్పాలి. మా వైపు టీ అంటే నాలుక కాలాలి, లేకపోతే అంగడివాడితో తగాదాకు దిగుతాం. మామ మాత్రం గ్లాసు పక్కన పెట్టుకుని, చల్లారేదాకా దానివైపే చూస్తూ కూర్చునేవాడు. ఊదేవాడు కాదు, సాసరులో పోసుకునేవాడు కాదు. నేను ఎగతాళి చేస్తే, “దాని దోవన దాన్ని సల్లారనీ. తొందరపెడితే పైన సల్లగయి లోపల ఉడుకుగానే ఉంటాది. మీ సారు లేడా, అట్ల,” అనేవాడు. సారంటే నా పరిశోధనకు గైడు. ఊరంతటికీ ఏసీలు బిగించిన మనిషి తన ఇంట్లో మాత్రం పెట్టుకోలేదు. అడిగితే, “మిఠాయి అంగడోడు మిఠాయి తింటాడా?” అని ఎదురు ప్రశ్న వేసేవాడు.

ఆయన్ను తలుచుకుంటే నాకు ముందు కనిపించేది ఆ కుడిచెయ్యి. దేన్ని చూసినా చెయ్యి తిరగేసి, వేళ్ళ వెనకభాగంతో ఒకసారి ముట్టుకునేవాడు. ఫ్రిజ్జు వెనక గొట్టం, ఆటో ఇంజను, కలింగర పండు, ఎవరి ఇంటికైనా పోతే వాళ్ళ పిల్లల నుదురు, అన్నీ అదే తీరు. అరచేత్తో ఎందుకు ముట్టవని అడిగాను.

“రొండు కారణాలు పాపా. అరచెయ్యి సుత్తి పట్టి పట్టి మొద్దుబారి ఉంటాది, దానికేం తెల్దు. రొండోది, కరెంటుంటే అరచెయ్యి ముడుచుకోని గట్టిగా పట్టుకుంటాది, ఇడిసిపెట్టదు. ఇట్ల ఎనకపక్క ముట్టుకుంటే తోసేస్తాది. నేనింగా బతికుండేది ఈ చెయ్యి తిరగేసుకోని ఉండబట్టే.”

థర్మామీటరంటే ఆయనకు చిన్నచూపు. ఆయన కొలతలు ఆయనకున్నాయి. పొద్దున తొట్టి నీళ్ళు, గోడ నీడలో బండ, జొరమొచ్చిన పిల్లోని నుదురు, మధ్యాహ్నం స్కూటర్ సీటు, పెండ్లింట్లో సాంబారు గిన్నె. నాకు నమ్మకం కుదరక ఒకరోజు పందెం కట్టి, ఆయన చేతినీ ల్యాబు థర్మామీటర్‌నూ పక్కపక్కన పెట్టి పరీక్షించాను. ఆయన చెప్పినది పలికినట్టల్లా నోట్‌బుక్కులో ఒకవైపు రాసి, రెండోవైపు డిగ్రీలు రాశాను. ఒక డిగ్రీ అటో ఇటో, అంతే తేడా. ఒక్కసారి మాత్రం ఘోరంగా తప్పాడు. విచారిస్తే, అప్పుడే వేడివేడి మిరపకాయ బజ్జీలు తిని వచ్చాడట, చెయ్యి ఇంకా కాగే ఉంది. “ఆ ఒక్కటి కొట్టేయ్,” అన్నాడు. కొట్టేయలేదు. ప్రయోగంలో కొట్టివేతలు ఉండకూడదని సారు నేర్పించారు. పక్కన ‘బజ్జీ’ అని రాసిపెట్టాను. ఆ నోట్‌బుక్కు ఇప్పటికీ నా దగ్గరుంది.

ఆయన మా ల్యాబుకు వచ్చిన ఏడాది నా పరిస్థితి ఏమీ బాగాలేదు. విశ్వవిద్యాలయంలో పరిశోధన మొదలుపెట్టి ఆరో ఏడు నడుస్తోంది. మా సారు జూన్ నెలాఖరుకు రిటైరవుతున్నారు. ఆయన వెళ్తే ఆ ల్యాబుకు తాళం పడుతుంది, తీసేవాళ్ళుండరు. అప్పటిలోగా కొలతలు పూర్తిచేస్తే నాకు డిగ్రీ, లేకపోతే ఆరేళ్ళూ గంగపాలు. మా పరికరాలు రెండుండేవి. నా ముందున్న సీనియరు తొందరపడి పవరు పెంచి, ఒకదానిలో బిళ్ళ పగిలేదాకా కాల్చి, చేతులు దులుపుకుని ఉద్యోగానికి వెళ్ళిపోయాడు. మిగిలింది ఒక్కటే. శింగనమల దగ్గర మా ఊర్లో మా నాయన అప్పటికే నాలుగేళ్ళుగా, “మా పాప డాక్టరయితాండాది. మందులిచ్చే డాక్టరు కాదప్పా, అది ఏరే రకం,” అని రచ్చకట్ట మీద చెప్పుకుంటున్నాడు.

నేను చేయాల్సింది చెప్పుకుంటే చిన్న పనే. చింతపిక్క కంటే కాస్త పెద్దదైన ఒక స్ఫటికం, దాని ఒక పక్కన అతికించిన బిళ్ళ. బిళ్ళ అదిరితే శబ్దం స్ఫటికంలో అలలుగా పాకుతుంది. ఆ అలలు తగిలి లేజరు కిరణం పక్కకు వంగి, గోడ మీద అంటించిన గ్రాఫు కాగితంపై ఎర్రటి చుక్కగా పడుతుంది. ఆ చుక్క మూడు గంటలపాటు కదలకుండా నిలబడాలి. నిలబడేది కాదు. పది నిమిషాలకే బిళ్ళ వేడెక్కి, ఆ వేడి స్ఫటికానికి పాకి, చుక్క మెల్లగా చీమలాగా పక్కకు నడక మొదలుపెట్టేది. బయట అనంతపురం మే నెల. లోపల చీమ నడక. నాకు రెండింటి మీదా ఒకే రకంగా కోపం వచ్చేది.

పరికరం పెట్టె అడుగున చల్లటి నీళ్ళు తిప్పే మిషన్ ఒకటుండేది. అది మూలుగుతూ మూలుగుతూ ఒకరోజు ఆగిపోయింది. దాన్ని బాగుచేయడానికి మామను పిలిచారు. గంటలో బాగుచేశాడు. పని అయిపోయినవాడు సామాను సంచి సర్దుకుని పోవచ్చు కదా? పోలేదు. స్టూలు లాక్కుని కూర్చుని, గోడమీద చుక్కను చూడటం మొదలుపెట్టాడు. మిషన్ మొదలైనప్పుడల్లా చుక్క ఉలిక్కిపడి జరిగేది, ఆగినప్పుడల్లా మళ్ళీ జరిగేది.

“పాపా, ఇది ఉబ్బసం మనిషి మాదిరి ఊపిరి దీస్తాండాది. రోంతసేపు సల్లగా, రోంతసేపు ఉడుకుగా. నీకిది ఉపయోగం ల్యా,” అన్నాడు.

“బాగుచేసినావు కదా మామా!”

“మిషన్ బాగైంది. నీ పని బాగు కాలే. ఉడుకు యాడ పుడతాండాది, సూపీ నాకు.”

పెట్టె మూత తీసి చూపించాను. ఇదిగో ఈ బిళ్ళ అదురుతుంది, ఒక రకంగా పాట పాడుతుందన్నమాట అని చెప్పాను. చెవి దగ్గరపెట్టి విన్నాడు.

“నాకేం ఇనపల్లా.”

“ఎవరికీ వినపడదు మామా. అంత సన్నటి శబ్దం.”

“ఎవురికీ ఇనపడని పాటకు ఇంత ఉడుకా!” అని ఆశ్చర్యపోయి, ఇంకా ఏదో అనబోతూ, ఏళ్ళ తరబడి చేసిన పనే చేశాడు. చెయ్యి తిరగేసి, చిటికెనవేలు వెనకభాగంతో ఆ బిళ్ళను ముట్టుకున్నాడు.

గోడమీద చుక్క ఆరిపోయింది. “అబ్బా!” అని చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. వేలి మీద అన్నం మెతుకంత తెల్లటి కాలిన మచ్చ. అది మానుతుంది. బిళ్ళకు ఒకే పక్కనుంచి కరెంటు అందించే జంట బంగారు తీగల్లో ఒకటి తెగి వేలాడుతోంది. అది వెంట్రుక కంటే సన్నం. చుక్క తిరిగి వచ్చింది కానీ చావుకళతో వచ్చింది. సరిగ్గా అప్పుడే సారు లోపలికి వచ్చారు.

సారు అరిచే మనిషి కాదు. అరిస్తే బాగుండేది. కళ్ళద్దాలు తీసి, తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని చూసి, “మేస్త్రీ, మీరు ఇంక బయలుదేరండి,” అన్నారు. మామ తలవంచుకుని వెళ్ళిపోయాడు. నేను కారిడార్లో నిలబడి ఏడ్చాను. ఏడుస్తూ ఆ మనిషిని మనసులో ఎన్ని తిట్టాలో అన్నీ తిట్టాను. ఈరోజు ఆ తిట్లన్నీ వెనక్కి తీసుకుంటున్నాను, కానీ ఆరోజు మాత్రం ఒక్కటి కూడా తక్కువ తిట్టలేదు.

మరుసటి రోజు పదకొండు గంటలకు, సారు మీటింగుకు పోయిన సమయం కనుక్కుని, మామ మళ్ళీ ప్రత్యక్షమయ్యాడు. వెంట ఒకామె ఉంది. పసుపు రాసిన ముఖం, చేతిలో టిఫిన్ క్యారియరు.

“మా ఇంటామె. ధర్మవరంలో మగ్గాల నడమ పుట్టి పెరిగింది. పడుగు పోగులు అతికేది ఈమె పని,” అన్నాడు.

మగ్గం మీద ఒక పడుగు అయిపోతే కొత్త పడుగు పోగుల్ని పాతవాటి కొసలకు ఒక్కొక్కటే మెలిపెట్టి అతకాలి. వేల పోగులు. ఒక్కటి తప్పినా చీరంతా తప్పు. ఆ పని చేసే వేళ్ళు చూడాలని ఎవరికైనా ఉంటే, అత్త వేళ్ళు చూడాల్సింది.

“ఏమి జరీ పాపా ఇది?” అంది భూతద్దంలోంచి తొంగి చూస్తూ.

“జరీ కాదత్తా, బంగారమే.”

“బంగారానికి ఇంత సన్నదనం ఏం కర్మమమ్మా. ఇంత ఖర్చు పెట్టి కనపడకుండా చేసినారు,” అని నవ్వింది.

తీగలు అతకడానికి ల్యాబులో వెండి పొడి కలిసిన జిగురుంది. అదంటే నాకు భయం. నా చెయ్యి వణికితే రెండో తీగా పోతుంది. అత్త కొంగు అంచునుంచి ఒక పట్టుపోగు లాగి, నాలుకతో తడిపి, వేళ్ళతో మెలిపెట్టి గట్టిగా సూదిలా చేసింది. దాని కొసన జిగురు ముంచి, ఊపిరి బిగబట్టి, తెగిన తీగ కొసను మెల్లగా లేపి దాని చోట కూర్చోబెట్టింది. మామ, నేను కూడా ఊపిరి బిగబట్టాం. ఆరిన తర్వాత స్విచ్చి వేశాను. గోడమీద చుక్క కొత్త పెళ్ళికూతురి బొట్టులాగా నిండుగా వెలిగింది. నేను అత్తను వాటేసుకున్నాను.

“నేను తెంపుతా, ఆమె అతుకుతాది. పెండ్లయినకాడ్నుంచి ఇంతే,” అన్నాడు మామ.

“గమ్మునుండు. నీ ఏలు ముందు సూపీ,” అని ఆమె మొగుడి వేలికి వెన్న పూసింది. క్యారియర్లో అందుకే తెచ్చిందట.

అప్పుడు మామ ఒక మాటన్నాడు. నా డిగ్రీ అంతా ఆ మాట మీద నిలబడింది. “పాపా, నిన్న ఏడుస్తాంటివి గాబట్టి చెప్పలే. నా ఏలు ముందు బిళ్ళ అంచు మింద పడె. అప్పుడు చుక్క యాడికీ పోల్యా. ఏలు నడిమికి జరిగినంకనే ఆరిపాయె. నేను చుక్కనే చూస్తాంటి.”

నేను వంగి బిళ్ళ అంచును చూశాను.

“పీర్ల పండగకు మా ఊర్లో తప్పెట కొట్టేది నేనే. తప్పెట పట్టుకోవాలంటే చట్రం పట్టల్ల, తోలు ముట్టరాదు. తోలు ముడితే మోగదు. చట్రం ఎంత గట్టిగా పట్టుకున్యా దానికేం తెల్దు. నీ బిళ్ళ గూడా అంతే గదా? నడుమ పాడతాండాది. అంచు ఊరికే కూసుండాది. అంచును పట్టుకోని ఉడుకు లాగేస్తే పోలా?”

ఆరేళ్ళుగా నేను పుస్తకాలు చదివింది ఈ బిళ్ళ గురించే. వేడి పుట్టేది బిళ్ళలో, దాన్ని అతికించిన చోట. మేమేమో దూరంగా ఉన్న పెట్టె అడుగును చల్లబరుస్తూ కూర్చున్నాం. బిళ్ళను ముడితే పాట ఆగుతుందని అందరికీ తెలుసు కాబట్టి దాని దరిదాపులకు ఎవరూ పోలేదు. పాడని అంచు ఒకటుందని తెలుసుకోవడానికి ఒక వేలు కాలాల్సి వచ్చింది.

“ఉడుకు యాడ పుడితే ఆడ్నే పట్టల్ల పాపా. ఊరంతా పాకినంక పట్టుకునేది పోలీసుల పని,” అన్నాడు. ఆ మాట ఆయన ఏ ఫ్రిజ్జు ముందైనా అనేవాడు. ఆరోజు మాత్రం నాకోసమే అన్నట్టు వినిపించింది.

ఆ తర్వాత నాలుగు రోజులు ఆయన ల్యాబులోనే. సారుకు విషయం నేనే చెప్పాను. వేలు అంచు మీద ఉన్నప్పుడు చుక్క నిలబడిందని చెప్పగానే ఆయన కోపం మర్చిపోయి కాగితం మీద లెక్కలు మొదలుపెట్టారు. మంచి సార్లు ఇలాగే ఉంటారు. మామ రాగిరేకు కత్తిరించి, బిళ్ళ చుట్టూ కూర్చునేలా సన్నటి పట్టీ చేశాడు. రాగి కరెంటును లాక్కోకుండా మధ్యలో అభ్రకం రేకు పెట్టాడు. “ఇస్త్రీపెట్టెలో ఇది చేసే పని గూడా ఇదే. కరెంటును ఆపుతాది, ఉడుకును పోనిస్తాది. మంచి వాచ్‌మన్,” అన్నాడు. పట్టీకి ఫ్రిజ్జు రాగిగొట్టం అతికించాడు. ఆ గొట్టంలో చల్లటి నీళ్ళు పోవాలి.

నీళ్ళ దగ్గర సారుకూ ఆయనకూ చిన్న యుద్ధం జరిగింది. బాగుచేసిన మిషన్ ఉంది కదా, దాన్నే కలుపుదామన్నారు సారు.

“అది ఊపిరి దీస్తాది సార్, చుక్క ఎగురుతాది. కరెంటు పాయెనా, అదీ పాయె. కుండ పెడదాం,” అన్నాడు మామ.

“కుండేమిటయ్యా?”

“కుండే సార్. నీళ్ళు పోసేది. మట్టిది.”

ఒప్పించిన తీరు చెప్తాను. పడమటి కిటికీలో రెండు కొత్త కుండలు ఎత్తున పెట్టి, తడి గోనెపట్టాలు చుట్టి, మధ్యాహ్నం రెండు గంటలకు సారును పిలిచాడు. బయట గాలి మొహాన్ని కాల్చేస్తోంది. “సార్, ఈ గాలి మన పగోడని అందరూ తిడతారు. ఇంత ఎండుగాలి ఇంగ యాడుండాది? ఇది గోనె తడిని తాగుతాది, తాగేకొద్దీ కుండ సల్లబడతాది. దీని దప్పికే మన ఏసీ,” అని కుండలోకి థర్మామీటరు దించాడు. ఆయనే దించాడు, తన చెయ్యి పెట్టలేదు. సార్లను సార్ల ఆయుధంతోనే గెలవాలని ఆయనకు తెలుసు. మామ లెక్కలో అది పొద్దున తొట్టి నీళ్ళు. సారు రెండుసార్లు చూశారు. మూడోసారి కుండలోంచి గ్లాసు ముంచుకుని తాగారు.

“ఇది ఫిజిక్సు ల్యాబా, చలివేంద్రమా?” అన్నారు.

“రొండూ సార్,” అన్నాడు మామ.

కుండలోంచి నీళ్ళు తమ బరువుకు తామే గొట్టంలోకి దిగి, బిళ్ళ అంచును చల్లబరిచి, కింద బకెట్లోకి పడేవి. మోటారు లేదు, చప్పుడు లేదు, అదురు లేదు. బోరునీళ్ళు పోస్తే సున్నం పేరుకుని గొట్టం మూసుకుపోతుందని, కంప్యూటర్ ల్యాబు ఏసీల నుంచి కారే నీళ్ళు పట్టి తెచ్చి గొట్టానికి వాడాడు. గోనెలకు మాత్రం బోరునీళ్ళే. బకెట్ నిండితే ఎత్తి మళ్ళీ కుండలో పోసే పని నాది. ఆరేళ్ళ చదువు తర్వాత నేను నీళ్ళు మోయడానికి వచ్చానన్న సంగతి మా నాయనకు చెప్పలేదు.

మొదటిరోజు మూడు గంటల ప్రయోగం నాకు బాగా గుర్తుంది. గ్రాఫు కాగితం మీద చుక్క చుట్టూ పెన్సిల్‌తో గుండ్రం గీశాను. పది నిమిషాలు. మామూలుగా నడక మొదలయ్యే సమయం. చుక్క కదల్లేదు. అరగంట. కదల్లేదు. గంటకు కరెంటు పోయింది. లేజరు, పరికరం బ్యాటరీ మీదికి వచ్చాయి, ఫ్యాన్లు ఆగాయి, మా ముగ్గురికీ చెమటలు కారాయి. కుండకు కరెంటు పోయిన సంగతే తెలియదు. చుక్క గుండ్రంలోనే ఉంది. నేను ఆనందంతో గట్టిగా ఏదో అనబోతే మామ నోటిమీద వేలు పెట్టి, “దిష్టి,” అన్నాడు. సారు కూడా నోరు మూసుకున్నారు. మూడు గంటలు పూర్తయిన తర్వాత ముగ్గురం ఒక్కసారిగా అరిచిన అరుపుకు పక్క ల్యాబువాళ్ళు ఏదో పేలిందనుకుని పరిగెత్తుకొచ్చారు.

అట్లా తొమ్మిది రోజుల్లో ఆరేళ్ళ పని అయింది. రోజూ మధ్యాహ్నం మామ వచ్చి గోనెలు తడిపేవాడు, చుక్కను చూసేవాడు, చల్లారిన టీ తాగేవాడు. అత్త పంపిన రాగిసంగటి, చెనిక్కాయల పచ్చడి అందరం ల్యాబు బయట చెట్టునీడలో తినేవాళ్ళం. సారు సంగటి ముద్దను చెంచాతో తింటుంటే, “సార్, దానికి గూడా ఇంగ్లీషు నేర్పిస్తాండారా?” అని ఏడిపించేవాడు. ఆ తొమ్మిది రోజులంత సంతోషంగా నేను నా పెళ్ళిలో కూడా లేను. ఈ మాట మా ఆయనకు తెలుసు.

థీసిస్ రాసేటప్పుడు కృతజ్ఞతల పేజీలో ఆయన పేరు రాస్తానంటే అడ్డుపడ్డాడు.

“ఒద్దు పాపా. నేను పెద్ద పెద్ద పరికరాలే ముడతానని ఊర్లో తెలిస్తే ఇంగ ఫ్రిజ్జు రిపేరుకు ఎవురు పిలుస్తారు? నన్ను బతకనీ.”

ఎంత బతిమాలినా వినలేదు. ‘ఒక మేస్త్రీకి, ఆయన భార్యకు’ అని రాశాను. అప్పుడిచ్చిన మాటకు కట్టుబడి ఇప్పుడూ పేరు రాయడం లేదు.

మరుసటి ఏడు వైవా. అప్పటికి సారు రిటైరై, దానికోసమే బెంగళూరు నుంచి వచ్చారు. ముందురోజు నా స్లైడ్లు చూసి, కుండ ఫొటో తీసేయమన్నారు. పరీక్షకుడు కఠినమైన మనిషనీ, కుండలూ గోనెలూ చూస్తే పరిశోధనను తేలిగ్గా తీసుకుంటాడనీ ఆయన భయం. ‘ఆవిరి ద్వారా చల్లబరిచే ఏర్పాటు’ అని రాస్తే చాలన్నారు. నాకూ భయమే. ఆరేళ్ళూ ఆ ఒక్క మధ్యాహ్నం మీద ఆధారపడి ఉన్నాయి. పరీక్షకుడు కొలతలు మళ్ళీ చేయమంటే ఎక్కడ చేయను, ల్యాబుకు తాళం పడింది. అయినా ఫొటో తీయడానికి చెయ్యి రాలేదు.

వైవా హాల్లో ఎవరైనా కూర్చోవచ్చు. వెనక వరసలో తెల్లచొక్కా ఇస్త్రీ చేసుకుని మామ, పక్కన పట్టుచీరలో అత్త, ఆ పక్కన మా నాయన. ముగ్గురికీ నా ఇంగ్లీషు ఒక్క ముక్క అర్థం కాలేదు. కుండ ఫొటో రాగానే మాత్రం మామ మా నాయనను మోచేత్తో పొడవడం నాకు వేదిక మీద నుంచి కనిపించింది.

పరీక్షకుడు గంటన్నర అడిగాడు. చెప్పాను. చివరికి కళ్ళద్దాలు పైకి తోసుకుని, కుండ ఫొటోకే మళ్ళీ వచ్చి, ఇంగ్లీషు వదిలి తెలుగులో అన్నాడు. “ఒక్కటే సందేహమమ్మా. మీ కుండ పొడిగాలి మీద ఆధారపడింది. వానాకాలంలో గాలిలో తేమ పెరుగుతుంది. అప్పుడు కుండ చల్లబడదు. మీ ఏర్పాటు మొత్తం విఫలమైనట్టే కదా? దీన్ని నేను ఎలా ఒప్పుకోను?”

మేం కొలతలు చేసింది మే నెలలో. ఆ తొమ్మిది రోజుల్లో ఒక్క చినుకు కూడా పడలేదు. వాన సంగతి నేను ఆలోచించనే లేదు. అనంతపురం మనిషిని, వాన పడుతుందని లెక్క ఎందుకు వేస్తాను? సారు తలదించుకున్నారు.

వెనక వరసలో కుర్చీ చప్పుడైంది.

“సార్, రోంత నేను చెప్పొచ్చా? ఆ కుండ పెట్టింది నేనే.”

సారు కళ్ళు మూసుకున్నారు. అత్త మామ చొక్కా పట్టి లాగుతోంది. పరీక్షకుడు తలూపాడు.

“మీరు చెప్పింది నిజమే సార్. వాన పడితే కుండ సల్లబడదు. కానీ వాన పడితే ఊరంతా సల్లబడతాది గదా సార్. కుండలో నీళ్ళు ఎంత సల్లగుంటాయో, బయట గాలే అంత సల్లగుంటాది. అప్పుడు ఆ గాలే కుండ చేసే పని చేస్తాది.” ఒక్క క్షణం ఆగాడు. “ఇంగోటి సార్. మీరు యాడోళ్ళో నాకు తెల్దు. వానొచ్చి నా పని చెడిపాయెనని ఏడ్చినోన్ని ఈ అనంతపురంలో నేనింతవరకూ చూడ్లే.”

హాలంతా గొల్లుమంది. మా నాయన అందరికంటే గట్టిగా నవ్వి చప్పట్లు కూడా కొట్టాడు. పరీక్షకుడు నవ్వలేదు. ఆయన కాగితం తీసుకుని ఏదో లెక్క వేస్తున్నాడు. వాన పడిన రోజు గాలి వేడి ఎంత, ఎండిన రోజు కుండ నీళ్ళ వేడి ఎంత. నేను కూడా నిలబడి మనసులో అదే లెక్క వేశాను. రెండు అంకెలూ దగ్గర దగ్గరగా వచ్చాయి. మామ చెప్పింది జోకు కాదు, జవాబు.

పరీక్షకుడు పెన్ను మూత పెట్టి నావైపు తిరిగాడు.

“ఆయన చెప్పింది విన్నాను. పరిశోధన మీది. మీ జవాబేమిటి?”

“అదే సార్,” అన్నాను. అన్నేళ్ళలో నేను తడుముకోకుండా చెప్పిన జవాబు అదొక్కటే.